ప్రతిజనకానికో సైగ

వినపడని వాళ్ళ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అంత చప్పుడు ఇంకే ఇంట్లోనూ ఉండదు. తలుపు దడాలున పడినా, గరిటె కిందపడి గింగిరాలు తిరిగినా, కుక్కర్ ఆగకుండా కూతలు పెట్టినా, 'అబ్బ, ఆపండి' అనే చెవి అక్కడ ఉండదు కదా. అలాంటి ఇంట్లో పుట్టింది ఆమె. తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. తల్లి దర్జీ షాపులకు కాజాలు కుట్టేది. ఇద్దరికీ పుట్టుకతోనే వినపడదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురికి మాత్రం పాము చెవులు.

ఆ పిల్లకు మాటలకంటే ముందు సైగలొచ్చాయి. నడక స్థిరపడే వయసుకే ఇంటికి ఆమే చెవి, ఆమే నోరు. బ్యాంకులో, కరెంటాఫీసులో, చివరికి బడిలో కూడా. ఒకసారి పంతులమ్మ తండ్రిని పిలిపించి, "మీ అమ్మాయి క్లాసులో ఒకటే వాగుడండీ, చెవులు చిల్లులు పడుతున్నాయి" అంది. పిల్ల దాన్ని "మీ అమ్మాయి చదువులో అందరికంటే ముందుంది" అని సైగలతో చెప్పింది. తండ్రి పంతులమ్మ ముఖం చూశాడు, కూతురి చేతులు చూశాడు, నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. దారిలో అన్నాడు: "ఆవిడ ముఖం ఒకటి చెబుతోంది, నీ చేతులు ఇంకోటి చెబుతున్నాయి. నీ చేతులు నమ్మే మేం బతుకుతున్నాం." తిట్టలేదు, కొట్టలేదు. అంతే. ఆ తర్వాత ఆమె ఎవరి మాటనూ మార్చి చెప్పలేదు.

తొమ్మిదేళ్ళప్పుడు తల్లి కడుపులో గడ్డ ఉందని డాక్టరు చెప్పాడు. చెప్పింది తల్లికి కాదు, ఈ పిల్లకు. గడ్డకు సైగ ఏమిటో పిల్లకు తెలియదు. ఇంటికి పరుగెత్తి ఒక నిమ్మకాయ తెచ్చి, తల్లి పొత్తికడుపు మీద పెట్టి, కత్తెరతో కోసినట్టు చూపించింది. తల్లి ముందు నవ్వింది, తర్వాత కూర్చుండిపోయింది, ఆ తర్వాత ఆపరేషన్‌కి ఒప్పుకుంది. తల్లి ఇంకా చాలా ఏళ్ళు బతికింది. కానీ అంత బరువు మాటను పిల్ల చేత మోయించకూడదన్న సంగతి ఆ పిల్ల మనసులో గట్టిగా నాటుకుపోయింది.

పెద్దయ్యాక కాన్పుల ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటర్‌లో ఉద్యోగం దొరికింది. ఒకరోజు పక్క కౌంటర్ గుమాస్తా వినపడని ఒక జంట మీద గొంతు పెంచుకుంటూ పోతున్నాడు. అరిచి అరిచి అలిసిపోయి, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అని నెత్తి కొట్టుకున్నాడు.

"శంఖం పక్కన పెట్టి చేతులు కదపొచ్చు కదండీ," అంటూ ఈమె లేచి వెళ్ళింది.

ఆ రోజు నుంచి వినపడని మనిషి ఎవరొచ్చినా ఏ వార్డు నుంచైనా ఈమెకే కబురు. కౌంటర్ పని కౌంటర్ పనే, ఇది అదనం. ఆమె సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళి, "సార్, చీటీలు రాయడానికి ఎవరైనా దొరుకుతారు. ఈ పని నాకు ఉద్యోగంగా ఇవ్వండి" అని అడిగింది. అలాంటి పోస్టే లేదన్నాడాయన. ఆమె వాదించలేదు. తర్వాతి వారం వినపడని పది మంది ఆడవాళ్ళను తీసుకొచ్చి ఆయన గది ముందు బెంచీల మీద కూర్చోబెట్టింది. వాళ్ళు గొడవ చెయ్యలేదు. చేతులతో కబుర్లు చెప్పుకుంటూ, మధ్యమధ్యలో అద్దం తలుపులోంచి ఆయన్నే చూస్తూ కూర్చున్నారు. ఆ పై వారం కూడా వచ్చారు. అరుపులకు అలవాటుపడిన మనిషి ఆ చూపులకు తట్టుకోలేకపోయాడు. ఆమెకో చిన్న గది ఇచ్చి, బయట 'దుబాసీ' అని బోర్డు పెట్టించాడు. ఆ బోర్డే ఆమెకు పేరైపోయింది.

ఇక అసలు సంగతికొస్తాను. సైగల్లో జరిగిన సంభాషణలను ఇక్కడ మామూలు మాటల్లాగే రాస్తున్నాను. వాటి వేగం, వాటి వెటకారం మాత్రం కాగితం మీదికి రావు.

కళ్ళద్దాల షాపులో వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసే ఒక అమ్మాయి ఆసుపత్రికొచ్చింది. వినపడదు. నాలుగో నెల. వెంట భర్త, అత్త. భర్తకూ వినపడదు, కార్ల సీట్లకు కవర్లు కుట్టే పని. అత్తకు మాత్రం వినపడుతుంది, దానికి రెండింతలు మాట్లాడుతుంది. వినపడని వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పేరును అక్షరాలతో పేర్చుకుంటూ కూర్చోరు. మనిషిలో కొట్టొచ్చినట్టు కనిపించేది ఏదుంటే అదే సైగ, అదే పేరు. ఈ అమ్మాయి చుబుకం మీద నల్లటి పుట్టుమచ్చ ఉంది. వేలితో చుబుకం తాకితే చాలు, ఈ అమ్మాయే. మనం అద్దాలమ్మాయి అందాం.

అద్దాలమ్మాయికి ఇది మూడో కడుపు. మొదటిది ఐదో నెలలో పోయింది. రెండోసారి బిడ్డ పుట్టి, పసుపు ముద్దలా పచ్చబడి, రెండో రోజే కన్ను మూసింది. అప్పుడు వేరే చోట చూపించుకున్నారు. అక్కడ ఎవరూ ఆ అమ్మాయికి ఏమీ చెప్పలేదు. చెప్పిందంతా అత్తకు చెప్పారు. అత్త దాన్ని తన సైగలతో, అంటే ముఖం చిట్లించి, చేతి నరం మీద కొట్టి, వేలు అడ్డంగా ఊపి చెప్పింది. అద్దాలమ్మాయికి అర్థమైంది ఒక్కటే: నీ రక్తం చెడ్డది.

పెద్ద డాక్టరమ్మ మంచి మనిషే. కాకపోతే ఆమె మాట రైలుబండి. పరీక్ష కాగితాలు తిరగేస్తూ చెప్పుకుపోయింది: "నీ గ్రూపు నెగటివ్, మీ ఆయనది పాజిటివ్. బిడ్డకు తండ్రి పోలిక వచ్చింది. అంటే బిడ్డ ఎర్రకణాల మీద డి అనే యాంటిజెన్ ఉంది. నీ ఒంట్లో దానికి యాంటీబాడీలు ఇప్పటికే తయారై ఉన్నాయి. మొదటి కడుపు పోయినప్పుడే అవి మొదలై ఉంటాయి, రెండో బిడ్డ అందుకే నిలవలేదు."

దుబాసీ చేతులు ఒక్క క్షణం ఆగాయి. యాంటిజెన్‌కు సైగ లేదు. అక్షరాలు వేళ్ళతో పేర్చి చూపించొచ్చు, కానీ తెలియని మాటను ఎన్ని ముక్కలు చేసినా తెలియని మాటే. 'యాంటీ' అంటే వ్యతిరేకం అని ఆమెకు తెలుసు. రెండు చూపుడు వేళ్ళనూ ఎదురెదురుగా తెచ్చి మొన మొన ఢీకొట్టించింది. శత్రువు.

ఈలోగా అత్త ముందుకొంగింది. "యాంటిజెన్నా? అది ముక్కులో పుల్ల పెట్టి చూసే టెస్టు కదమ్మా? మా కోడలికి కరోనానా?"

"కాదమ్మా, ఆ టెస్టుకి కూడా ఆ మాటే వాడతారు. ఇది వేరే," అంది డాక్టరమ్మ.

"మాట ఒకటే, జబ్బు వేరా? ఇదేం గోలమ్మా!"

అద్దాలమ్మాయి దుబాసీనే చూస్తోంది. "బిడ్డ మీద ఉందా అది?"

దుబాసీ గొంతుతో అడిగింది: "బిడ్డ రక్తం మీద ఉన్నట్టేనా మేడమ్?"

"ఉంది. పరీక్షలో తేలింది కదా."

"ఎప్పటికైనా పోతుందా?"

"పోదు. అది పుట్టుకతో వచ్చేది, జీవితాంతం ఉంటుంది."

అద్దాలమ్మాయి చేతిసంచీ తీసుకుని లేచింది. తర్వాత స్కానింగ్‌కి రావాల్సిన రోజున ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. ఇంకోసారి పిలిచారు, రాలేదు. ఫోనుకు మెసేజ్ పెడితే చూసింది, జవాబివ్వలేదు.

దుబాసీ భోజనం మానేసి కళ్ళద్దాల షాపుకు వెళ్ళింది. వెనక గదిలో అరగదీసే యంత్రం తిరుగుతోంది, దాని మీద సన్నటి ధారగా నీళ్ళు. బల్ల నిండా తెల్లటి బురదలాంటి గాజు పొడి. అద్దాలమ్మాయి యంత్రం ఆపి, చేతులు తుడుచుకుని చెప్పింది.

"నా బిడ్డ నాకు శత్రువని నువ్వే చెప్పావు. జీవితాంతం శత్రువేనని డాక్టర్ చెప్పింది. ఒక ఇంట్లో ఇద్దరు శత్రువులుంటే ఒకరు పోవాల్సిందే. పోయినసారి నా ఒళ్ళే గెలిచింది. ఈసారి కూడా గెలిపించమంటావా? స్కానింగ్ తీసి ఏం చేస్తారు, ఎప్పుడు చచ్చిపోతుందో చెప్తారా?"

దుబాసీకి తన రెండు వేళ్ళూ ఎంత పని చేశాయో అప్పుడు తెలిసింది. "ఆ సైగ తప్పు," అంది. "మాట డాక్టరుది, సైగ నాది. తప్పు నా సైగలో ఉంది. నాకు రెండు రోజులు టైమివ్వు."

"సరైనదేంటో చెప్పు మరి."

"నాకూ తెలియదు. తెలుసుకుని వస్తా."

ఆ సాయంత్రం రోగులంతా వెళ్ళేదాకా పెద్ద డాక్టరమ్మ గది బయట కాచుకుని కూర్చుంది.

"మేడమ్, యాంటిజెన్ మంచిదా చెడ్డదా?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి చూసింది. "ఇదేం ప్రశ్న? మంచీ కాదు, చెడూ కాదు."

"నేను శత్రువని చెప్పాను. ఆ అమ్మాయి రావడం మానేసింది."

డాక్టరమ్మ చేతిలో పెన్ను కింద పెట్టేసింది. రైలుబండి మొదటిసారి స్టేషన్‌లో ఆగినట్టు ఆగింది. కాసేపటికి నెమ్మదిగా మొదలుపెట్టింది.

"తెలుగు పాఠ్యపుస్తకాల్లో ప్రతిజనకం అంటారు. దేన్ని చూసి ఒళ్ళు స్పందించి ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను పుట్టిస్తుందో అది ప్రతిజనకం. అది సూక్ష్మజీవి పైపొర కావొచ్చు, పుప్పొడి కావొచ్చు, ఇంకొకరి రక్తకణం మీదున్న చిన్న ముక్క కావొచ్చు. కోడిగుడ్డు తెల్లసొన తింటే భోజనం. అదే సూదితో ఒంట్లోకి ఎక్కిస్తే ప్రతిజనకం. వస్తువు మారలేదు, చూడు. అది ఎవరి ఒంట్లోకి వెళ్ళింది, ఎలా వెళ్ళింది, అదీ లెక్క."

"అంటే ఒక వస్తువు అదంతట అదే ప్రతిజనకం కాదా?"

"నా ఎర్రకణాల మీద కూడా ఆ డి ఉంది. నా ఒంటికి అది ఇంటి మనిషి, పట్టించుకోదు. నీకు లేదనుకో, నా రక్తం నీలోకి వస్తే నీ ఒళ్ళు 'ఎవరిది?' అని లేస్తుంది. ఇంకో మాట. టీకాల్లో మనం ఇచ్చేది కూడా ప్రతిజనకమే. కావాలని ఇస్తాం, ఒంటిని లేపడానికి. అక్కడ అదే మాట మంచికి వాడతాం. ఇంకా పట్టిపట్టి చూస్తే, ఒళ్ళు గుర్తుపట్టేది వేరు, లేపేది వేరు అని పుస్తకాల వాళ్ళు రెండు మాటలు వాడతారు. గుర్తుపట్టినంత మాత్రాన ప్రతిదీ ఒంటిని లేపదు. అది నీకు అక్కర్లేదులే."

"అక్కర్లేదని ఎలా తెలుసు మేడమ్? రెండూ కావాలి నాకు. గుర్తుపట్టడం, లేపడం," అంది దుబాసీ.

డాక్టరమ్మ నవ్వింది. "శత్రువు కాదమ్మా. కొత్త ముఖం. అంతే."

దుబాసీ రెండు రోజులు అద్దం ముందు చేతులు తిప్పుతూనే ఉంది. కొత్త ముఖం అని చూపిస్తే చుట్టం వచ్చినట్టుంటుంది. విత్తనం అని చూపిస్తే పంటలాగుంటుంది. తాళం, తాళంచెవి చూపిస్తే దొంగ గుర్తొస్తాడు. తల ప్రాణం తోకకొచ్చింది కానీ సైగ రాలేదు. చివరికి చేతిలో ఏ సైగా లేకుండానే షాపుకు వెళ్ళింది. మధ్యాహ్నం వేళ, భర్త కూడా అక్కడే ఉన్నాడు. అద్దాల పెట్టెలు పక్కకు జరిపి ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు.

డాక్టరమ్మ చెప్పిందంతా విడమరిచి చెప్పింది. గుడ్డు సంగతి, టీకా సంగతి, ఇంటి మనిషి సంగతి. పిడికిలి బిగించి "ఇది రక్తకణం అనుకో" అంది. "దీని మీద చిన్నది ఒకటి ఉంటుంది. నీ కణం మీద లేదు. మీ ఆయన కణం మీద ఉంది. బిడ్డకు ఆయన నుంచి వచ్చింది."

అద్దాలమ్మాయి ఆ పిడికిలిని తన చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, అద్దానికి గీతలున్నాయేమో చూసినట్టు. తర్వాత చూపుడు వేలితో దాని మీద చుక్క పెట్టింది. అదే వేలితో తన చుబుకం తాకింది.

"మచ్చ. నన్ను అందరూ దీంతోనే కదా గుర్తుపట్టేది. కణానికి కూడా పేరుసైగ అన్నమాట."

"అవును."

"మచ్చ చెడ్డది కాదు."

"కాదు."

"కానీ నా ఒళ్ళు ఎప్పుడూ మచ్చ చూడలేదు. చూసేసరికి..." పడుకోబెట్టి ఉంచిన అరచేయి ఒక్కసారిగా నిలువునా లేచింది, వేళ్ళన్నీ విచ్చుకుని, కాపలావాడు ఉలిక్కిపడి నిలబడ్డట్టు. మళ్ళీ చేసింది. పిడికిలి మీద చుక్క, పక్కన చేయి లేవడం. మచ్చ, లేపడం. "ఇదేనా?"

దుబాసీ ఆ సైగను తన చేతులతో చేసి చూసుకుంది. గుర్తుపట్టడం ఉంది, లేపడం ఉంది. పగ లేదు. టీకాకు పెట్టినా సరిపోతుంది, ముక్కులో పుల్ల టెస్టుకు పెట్టినా సరిపోతుంది. "ఇదే," అంది.

భర్త తన గుండె మీద చేయి వేసుకుని, "మచ్చ నాది. అయితే తప్పు నాదా?" అని అడిగాడు.

అద్దాలమ్మాయి అతని నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. "తప్పు ఎవరిదీ కాదని గంట నుంచి చెప్పుకుంటుంటే ఈయన వాటా అడుగుతున్నాడు!" తర్వాత దుబాసీ వైపు తిరిగింది. "నా ఒళ్ళు ఆ మచ్చ ఉన్న కణాల్ని పోగొడుతోంది. బిడ్డకు రక్తం తగ్గిపోతోంది. అంతేగా? మరి మచ్చ లేని రక్తం బిడ్డకిస్తే?"

"అదే చేస్తారట. కడుపులో ఉండగానే."

"ఆ మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పేలోపు నువ్వు లేచిపోయావు."

అద్దాలమ్మాయి బల్ల మీది గాజు పొడిని గుడ్డతో తుడిచేసింది. "వస్తాను. కానీ ఒక షరతు. ప్రతి మాటా నాకు తెలియాలి. నా తల మీదుగా ఎవరూ మాట్లాడుకోకూడదు. చెడ్డ కబురైనా ముందు నాకే."

"ముందు నీకే," అంది దుబాసీ.

ఇంట్లో అత్తకు నచ్చజెప్పడం ఇంకో యజ్ఞం. "కడుపులోకి సూదా? రెండు పోయాయి చాలదా, గోరుచుట్టు మీద రోకటిపోటు!" అని లబలబలాడింది. రక్తంలో మచ్చ సంగతి దుబాసీ చెబితే, "అయితే చెడ్డ రక్తం కాదా మా కోడలిది?" అని అడిగింది.

"కాదమ్మా. ఆవిడ రక్తంలో ఒక గుర్తు తక్కువ, మీ అబ్బాయి రక్తంలో ఒకటి ఎక్కువ."

"మా అబ్బాయికి ఎక్కడి నుంచి వచ్చింది?"

"అమ్మ నుంచో నాన్న నుంచో వస్తుంది."

ఆవిడ కాసేపు లెక్క వేసుకుంది. "వాళ్ళ నాన్నదే అయి ఉంటుంది. పోయిన మనిషి మీద చెప్పకూడదు కానీ, ఆయన రాగానే ఎవరైనా లేచి నిలబడాల్సిందే," అంది. ఆ తర్వాత 'చెడ్డ రక్తం' అన్న మాట ఆ ఇంట్లో వినపడలేదు, కనపడలేదు.

స్కానింగ్‌లు మొదలయ్యాయి. బిడ్డ తలలోని నాళంలో రక్తం ఎంత వేగంగా పరుగెడుతోందో చూస్తారు. రక్తం పలచబడితే పరుగు ఎక్కువవుతుంది. కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఆరో నెల దాటాక ఒకరోజు డాక్టరమ్మ తెర చూసి ఆగింది. దుబాసీ ఆమె నోరు తెరవకముందే అంది: "మేడమ్, ఆవిడ వైపు చూసి చెప్పండి."

డాక్టరమ్మ అద్దాలమ్మాయి వైపు తిరిగింది. "బిడ్డకు రక్తం తగ్గింది. ఎక్కించాలి. ఆలస్యం చెయ్యకూడదు."

"ప్రమాదమా?"

"ఉంది. చెయ్యకపోతే ఇంకా ఎక్కువ."

"చెయ్యండి."

మర్నాడు ఉదయం రక్తం ఎక్కించే గదిలోకి వెళ్ళాక అసలు చిక్కు వచ్చింది. తెర సరిగ్గా కనపడాలంటే గదిలో దీపాలు ఆర్పాలి. చీకట్లో చేతులు కనపడవు. పైగా నర్సు అద్దాలమ్మాయి రెండు చేతులూ పక్కలకు సర్ది, "కదపొద్దని చెప్పమ్మా" అంది.

దుబాసీ అలా చెప్పలేదు. "మేడమ్, దీపం ఆర్పితే ఆవిడకు చెవులు మూసినట్టు. చేతులు కట్టేస్తే నోరు కట్టేసినట్టు. మెలకువగా ఉన్న మనిషి కడుపులో సూది దించుతూ ఈ రెండూ చేస్తారా?"

"దీపం ఉంటే నాకు తెర కనపడదు. చెయ్యి కదిలితే సూది కదులుతుంది. ఏం చెయ్యమంటావు?" డాక్టరమ్మ గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది.

"నాకు చిన్న టార్చి కావాలి. నా చేతుల మీదే పడాలి, తెర మీద పడకూడదు. వాళ్ళాయన్ని లోపలికి రానివ్వండి."

టార్చి పట్టుకోవడానికి మనిషి కావాలి. నర్సులకు చేతులు ఖాళీ లేవు. తలుపు దగ్గర నిలబడ్డ అత్త, "నేను పట్టుకుంటా" అంది. ఆవిడకు టోపీ పెట్టి, గౌను తొడిగి, పెదాలు కదపొద్దని చెప్పి లోపలికి తెచ్చారు. దుబాసీ మంచం తల పక్కన నిలబడింది. ఆమె చేతుల మీద గుండ్రంగా వెలుతురు పడింది. భర్త అద్దాలమ్మాయి కుడి చేతిని తన ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. ఆ చేయి భుజం నుంచి మణికట్టు దాకా కదలదు, వేళ్ళు మాత్రం అతని అరచేతిలో మాట్లాడతాయి. అతను ఆ మాటను రెండో చేత్తో ఆ వెలుతురులో దుబాసీకి చూపిస్తాడు, దుబాసీ గొంతుతో డాక్టరమ్మకు చెబుతుంది.

"మత్తు సూది. చురుక్కుమంటుంది," అంది డాక్టరమ్మ. వెలుతురులో చేతులు కదిలాయి. అరచేతిలో వేళ్ళు కదిలాయి. "సరే అంటోంది."

"ఇప్పుడు పెద్ద సూది. ఊపిరి మెల్లగా."

తెర మీద బూడిదరంగు మబ్బుల మధ్య సన్నటి తెల్లగీత దిగుతోంది. బొడ్డుతాడు వైపు. బిడ్డ ఒక్కసారి కాలు విదిల్చింది. డాక్టరమ్మ ఆగింది. గదిలో అందరూ ఆగారు. అద్దాలమ్మాయి వేళ్ళు భర్త చేతిలో కదిలాయి.

"ఏమంటోంది?"

"నొప్పికి కాదట. బిడ్డకు కోపమొచ్చింది, కాసేపు ఆగమంటోంది."

డాక్టరమ్మ మాస్కులో నవ్వినట్టుంది. "ఆగుతాను." బిడ్డ సర్దుకుంది. గీత మళ్ళీ కదిలింది. "దొరికింది. ఇప్పుడు రక్తం ఇస్తున్నాను. ఆ గుర్తు లేని రక్తం."

దుబాసీ పిడికిలి మీద చుక్క పెట్టింది, ఆ చుక్కను తుడిచేసింది. లేచే చేతిని లేవనివ్వకుండా మెల్లగా పడుకోబెట్టింది. అద్దాలమ్మాయి కళ్ళు ఆ చేతుల మీంచి తెర మీదికి వెళ్ళాయి. బొడ్డుతాడులో మెరుపులు మెరుపులుగా రక్తం లోపలికి పోతోంది. అత్త చేతిలో టార్చి అంతసేపూ ఇసుమంత కూడా కదల్లేదు. బయటికొచ్చాక మాత్రం ఆవిడ నీళ్ళు అడిగింది. "అమ్మాయ్, మా కోడలు అంత మాట్లాడుతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు," అంది దుబాసీతో. "నాక్కూడా నేర్పించు. పెద్దదాన్ని, బుర్రకు ఎక్కదేమో, అయినా నేర్పించు."

అలా ఇంకో రెండుసార్లు ఎక్కించారు. రెండోసారి బిడ్డ గుండె చప్పుడు తగ్గి అందరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ కబురు కూడా అద్దాలమ్మాయికే ముందు చెప్పారు. "తగ్గితే పెరుగుతుంది, మీ పని మీరు చెయ్యండి" అని ఆమె వేళ్ళు చెప్పాయి. పెరిగింది.

నెలలు నిండకముందే ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. ఒంట్లో పచ్చదనం ఉంది. కళ్ళకు గంతలు కట్టి, గాజుపెట్టెలో నీలి దీపాల కింద పెట్టారు. ఒకసారి ఒంట్లో రక్తమంతా మార్చాల్సి వచ్చింది. అద్దాలమ్మాయి పెట్టె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. పిల్ల ఒంటి రంగు తగ్గిందా లేదా అని నర్సులకంటే ముందే చెప్పేది. గాజులో ఇసుకరేణువంత లోపం పట్టే కళ్ళు మరి. ఒక ఉదయం నర్సు దీపాలు ఆర్పి, గంతలు విప్పి, పిల్లను తల్లి ఒళ్ళో పెట్టింది. తల్లి చేతులు రెండూ పిల్లను పట్టుకోవడంతో మాట్లాడటానికి లేకుండా పోయింది. ఏమీ చెప్పలేదు.

ఆ సైగ ఆమెతో ఆగలేదు. వినపడని వాళ్ళ సంఘం ఆదివారం సమావేశంలో దుబాసీ దాన్ని చూపిస్తే పెద్ద రభస జరిగింది. ఒక ముసలి చిత్రకారుడు చేయి లేచే పద్ధతి బాగాలేదన్నాడు. ఒక టీచరు అసలు మచ్చ అనకూడదు, జబ్బులా ఉంటుందన్నది. అద్దాలమ్మాయి బల్ల ఎక్కి నిలబడి, చంకలో పిల్లను అత్తకిచ్చి, "మీకింకా మంచిది దొరికితే తీసుకురండి. దొరికేదాకా ఇదే. ఖాళీగా మాత్రం ఉంచొద్దు, ఖాళీ ఉంటే 'శత్రువు' వచ్చి కూర్చుంటుంది," అంది.

ఇప్పుడు ఆమె సెలవు రోజుల్లో ఆసుపత్రికొచ్చి, వినపడని గర్భిణులకు రక్తం గ్రూపుల సంగతి చెబుతోంది. నెగటివ్ గ్రూపు వాళ్ళు మొదటి కడుపులోనే ఇంజెక్షన్ వేయించుకుంటే ఒళ్ళు ఆ గుర్తును నేర్చుకోకుండా ఆపొచ్చని, తనకు ఆ మాట ఎవరూ చెప్పలేదని, అందుకే తాను చెబుతున్నానని మొదలుపెడుతుంది. మొన్న ఒక కుర్ర జంట వచ్చింది. దుబాసీ పక్క కుర్చీలో టీ గ్లాసుతో కూర్చుంది, ఆమెతో పనే లేదు. ఆ అబ్బాయి అన్నీ విని, "ఒళ్ళు బిడ్డ రక్తంలో గుర్తుకే లేస్తుంది కదా, మరి బిడ్డంతా కొత్తే కదా, మిగతా బిడ్డను చూసి ఎందుకు లేవదు?" అని అడిగాడు.

అద్దాలమ్మాయి దుబాసీ వైపు చూసింది. దుబాసీ డాక్టరమ్మ గది వైపు చూసింది.

"తెలియదు," అని చెప్పింది అద్దాలమ్మాయి ఆ అబ్బాయికి. "పదండి, అడుగుదాం." నలుగురూ లేచారు.